అడిగినవాళ్ళకి ‘ఆయ్’ అనండి: ఎక్స్‌లో నలుగురినీ కలుపుకోవడం ఎలా

కడియపులంకలో హైవే పక్కన మాకో నర్సరీ ఉంది. దారిన పోయే కారు ఆగి, అద్దం దించి “ఏమండీ, ఈ గులాబీ ఎంతండీ?” అంటే, “ఆయ్, దిగండి, లోపలికొచ్చి చూడండి” అంటాం. ఆ ‘ఆయ్’ ఒక్కటి ఆలస్యమైతే కారు పక్క నర్సరీ ముందు ఆగుతుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న సంగతే ఇది. అయినా ఎక్స్‌లో ఖాతా తెరిచిన కొత్తలో ఆరు నెలలపాటు నేను ఒక్కరికీ ‘ఆయ్’ అనలేదు. రోజుకో మొక్క ఫోటో, కింద ఫోను నంబరు, అంతే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఒకరోజు హైదరాబాదు ఆవిడెవరో బాల్కనీలో కరివేపాకు మొక్క పసుపు తిరిగిపోతోందని ఫోటో పెట్టి వాపోయారు. నన్ను అడగలేదు, ఎవరినీ అడగలేదు. నేనే కింద రాశాను: “కుండీ అడుగున కన్నం పూడుకుపోయిందేమో, పుల్ల పెట్టి చూడండి” అని. పూడుకుపోయే ఉంది. ఆరు నెలల ఫోటోలకి రాని జనం ఆ ఒక్క జవాబు చూసి వచ్చారు. ఇక్కడ రాసేదంతా ఆ తర్వాత నేర్చుకున్నదే.

ఎక్స్ అంటే పాత ట్విట్టరే. 2006లో మొదలైంది, 2023 జూలైలో పేరు మారింది. మీరు ఇలాంటివే అయిన థ్రెడ్స్‌లోనో బ్లూస్కైలోనో ఉన్నా ఇందులో చాలామటుకు పనికొస్తుంది. అక్షరాల లెక్క వేరు: థ్రెడ్స్‌లో 500, బ్లూస్కైలో 300.

ముందుగా: మీరు ఏ ప్రశ్నకి జవాబో తేల్చుకోండి

ఖాతా తెరవకముందే ఒక తెల్లకాగితం మీద ఈ వాక్యం పూర్తి చేయండి: “ఫలానావాళ్ళకి ఫలానా సందేహం వస్తే నా దగ్గరికి రావాలి.” మాది ఇలా ఉంటుంది: “కుండీల్లో మొక్కలు పెంచే పట్నంవాళ్ళకి మొక్క వాడిపోతే నా దగ్గరికి రావాలి.” గమనించారా, ఇందులో అమ్మకం మాటే లేదు. మొక్క బతికించినవాడి దగ్గరే మళ్ళీ మొక్క కొంటారు, అది దానంతట అదే జరుగుతుంది.

నరసాపురంలో లేసు అల్లేవాళ్ళయితే “చేత్తో అల్లిందీ మిషన్‌దీ తేడా ఎలా తెలుస్తుంది?” అన్న ప్రశ్న చాలు, ఏడాది పాటు రాయొచ్చు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇప్పుడు ఆ పేరుతో ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒకటి అమ్ముతున్నారు. కాబట్టి అసలు రేకు కుండ మీద ఎలా తీస్తారో చూపించే ఖాతాకి పని ఉంది. భీమవరం వైపు రొయ్యల చెరువులవాళ్ళు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర కోసం పొద్దున్నే ఫోన్లు చూస్తారు. ఏ కౌంటుకి ఏ రేటు పలికిందో రోజూ ఒకే వేళకి చెప్పే మనిషికి వేరే ఆకర్షణ అక్కర్లేదు.

అన్నీ నేనే చెబుతానంటే మాత్రం కుదరదు. పొద్దున మొక్కలు, మధ్యాహ్నం రాజకీయం, రాత్రి సినిమా పెడితే, మొక్కల కోసం వచ్చినవాడు రాజకీయం చూసి వెళ్ళిపోతాడు. గోదావరి జిల్లాల వాళ్ళం, సినిమా కబురు ఆపుకోవడం కష్టమే, తెలుసు. దానికి వేరే ఖాతా పెట్టుకోండి.

ఖాతా ముఖం సర్దుకోవడం

ఇది పావుగంట పని. హ్యాండిల్, అంటే @ తర్వాత వచ్చే పేరు, ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి, 15కి మించకూడదు. ఫోనులో నోటితో చెబితే ఎదుటివాళ్ళు తప్పు లేకుండా రాసుకోగలిగేది ఎంచుకోండి. వెనకాల అంకెలు తగిలించకండి. పైన కనిపించే పేరు తెలుగులో పెట్టుకోవచ్చు. పరిచయ వాక్యానికి 160 అక్షరాలు ఇస్తారు, అందులో ఊరి పేరు తప్పక రాయండి. ‘ప్రకృతి ప్రేమికుడు’ లాంటి మాటలు తీసేసి “కడియపులంక. మూడు తరాల నర్సరీ. కుండీ మొక్కల సందేహాలు అడగండి” అనండి. ఆ తర్వాత మీ పోస్టుల్లో అందరికీ ఎక్కువ పనికొచ్చినది ఒకటి ఎంచి పైన పిన్ చేయండి. కొత్తవాళ్ళు ముందు చూసేది దాన్నే.

280లో తెలుగు ఎంత పడుతుంది?

మొదట్లో ట్విట్టరు పోస్టు 140 అక్షరాలే, ఎస్సెమ్మెస్ కొలతలో ఇమడాలని. 2017 నవంబరులో 280 చేశారు. డబ్బు కట్టి ప్రీమియం తీసుకుంటే ఇంకా బారుగా రాయొచ్చు కానీ, 280 దాటినది సగంలో మడిచి చూపిస్తారు. అది విప్పి చదివే ఓపిక జనానికి తక్కువ.

తెలుగులో ఒక చిక్కుంది. కంటికి కనబడే అక్షరం ఒకటి, మెషీను లెక్కపెట్టేది ఒకటి. గుణింతం గుర్తుకి అదనంగా ఒక అక్షరం, వత్తుకి రెండు. ‘ధవళేశ్వరం’ మనకి అయిదు అక్షరాలు, ఎక్స్‌కి తొమ్మిది. ‘స్త్రీ’ మనకి ఒకటే, దానికి ఆరు. అందువల్ల 280లో తెలుగు మాటలు 35, 40 మధ్య పడతాయి. ఎమోజీ ఒకదానికి రెండు పోతాయి. లింకు ఎంత పొడుగున్నా 23గానే లెక్క.

ఆ 35 మాటల్లో ఏం రాయాలి? ఖాతా కొత్తలో నేను రాసింది చూడండి:

“మా వద్ద అన్ని రకముల పూల మొక్కలు, పండ్ల మొక్కలు సరసమైన ధరలకు లభించును. సంప్రదించగలరు.”

ఇది బోర్డు మీది రాత. బోర్డుతో ఎవరూ మాట్లాడరు. ఇప్పుడు డిసెంబరులో నేను పెట్టేది ఇలా ఉంటుంది:

“మల్లె మొక్కకి ఈ వారం నీళ్ళు ఆపేశాం. ఆకు రాలనిస్తాం. సంక్రాంతి వెళ్ళాక కొమ్మలు కత్తిరించి, పశువుల ఎరువు వేసి, అప్పుడు నీళ్ళు. కుండీలో మల్లె ఉన్నవాళ్ళు పూర్తిగా ఆపొద్దు, తగ్గించండి చాలు. మీ మొక్కకి వయసెంత?”

ఎక్స్ లెక్కలో ఇది 200 పైచిలుకు, అంతే. ఇవాళ మేం చేసిన పని ఉంది, చదివేవాళ్ళు చేయగలిగింది ఉంది, చివర జవాబు చెప్పడానికి తేలికైన ప్రశ్న ఉంది. ‘మీ అభిప్రాయం తెలియజేయండి’ అని అడిగితే ఎవరూ తెలియజేయరు. ‘వయసెంత’ అంటే మాత్రం “మా అత్తగారు పెట్టింది, పన్నెండేళ్ళు” అంటూ వస్తారు.

భాష విషయానికొస్తే, దుకాణంలో ఎలా మాట్లాడతారో అలాగే రాయండి. మొదటి వాక్యంలోనే అసలు సంగతి పెట్టండి. ‘అందరికీ నమస్కారం, ఈరోజు మనం తెలుసుకోబోయే విషయం’ అని మొదలుపెడితే తెలుసుకోబోయేలోపే వేలు పైకి జరిపేస్తారు. నేను ముందు నోటితో ఎవరికో ఒకరికి చెప్పి, చెప్పినట్టే టైపు చేస్తాను. మా నాన్నగారికి చెబితే ఆయన “అది ఎవరికి తెలీదురా?” అంటారు. సగం పోస్టులు అక్కడే చచ్చిపోతాయి, మంచిదే.

ఫోటో, వీడియో

ఒక పోస్టుకి నాలుగు ఫోటోలదాకా పెట్టొచ్చు. నాలుగూ పూలే అయితే దండగ. పువ్వు ఒకటి, ఆకు వెనక భాగం ఒకటి, వేరు ఒకటి, పక్కన చెయ్యి పెట్టి మొక్క ఎత్తు తెలిసేలా ఒకటి ఉండాలి. పొద్దున ఎనిమిది లోపు వెలుగులో తీయండి. షేడ్‌నెట్ (నీడ కోసం కట్టే ఆకుపచ్చ వల) కింద తీస్తే మొక్కలన్నీ ఆకుపచ్చ రంగు నీళ్ళలో ముంచినట్టు వస్తాయి. ఫోటో కింద వివరణ రాసే చోటు ఉంటుంది, చూపు లేనివాళ్ళకి ఫోను దాన్ని చదివి వినిపిస్తుంది. ఒక వాక్యం రాయడానికి ఎంతసేపు?

మామూలు ఖాతాకి వీడియో 2 నిమిషాల 20 సెకన్లే. అంత కూడా అక్కర్లేదు. అంటు కట్టే చేతులు 40 సెకన్లు చూపిస్తే చాలు, పాట పెట్టకండి. కత్తి కొమ్మ మీద ఆడే చప్పుడు బాగుంటుంది.

ఎప్పుడు పెట్టాలి

మన డెల్టాకి క్యాలెండరు ఎవరూ తయారు చేసి ఇవ్వక్కర్లేదు. కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఊళ్ళవాళ్ళు దేవుడి ప్రభలని భుజాల మీద మోసుకొచ్చే జాతర. దాళ్వా (రెండో పంట వరి) కోతలు, ఆ తర్వాత కాలువలు కట్టేయడం, తొలకరికి మళ్ళీ నీళ్ళు వదలడం, జూలై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు, దాంతోపాటు పులస చేప. వీటిలో మీ పనికి ముడిపడేవి నాలుగైదు రాసుకుంటే, ఏం పెట్టాలా అని బుర్ర గోక్కునే అవసరం ఉండదు. తొలకరికి మొక్కల బేరం బాగా నడుస్తుంది కాబట్టి, గుంత ఎలా తవ్వాలో మే నెలాఖరులోనే చెబుతాను. వాన పడ్డాక చెబితే ఏం లాభం? అలాగని ప్రతి పండక్కీ పూలదండ బొమ్మతో శుభాకాంక్షలు పెట్టకండి. కౌశిక కాలవలోంచి ప్రభని భుజాల మీద దాటించేటప్పుడు మీరు గట్టు మీద ఉంటే ఆ వీడియో పెట్టండి, లేకపోతే ఊరుకోండి.

మీవాళ్ళు ఎక్కడున్నారో చూసుకుని వేళ నిర్ణయించండి. మనకి ఉదయం 7 అయితే న్యూయార్కులో వేసవి కాలమానం ప్రకారం ముందురోజు రాత్రి 9:30, అక్కడివాళ్ళు అన్నం తిని ఫోను పట్టుకునే సమయం. మన రాత్రి 9కి కువైట్‌లో సాయంత్రం 6:30. కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు చదవాలంటే అప్పుడు పెట్టండి. కంప్యూటరులో తెరిస్తే పోస్టుకి ముందే ముహూర్తం పెట్టుకోవచ్చు. కానీ ముహూర్తం పెట్టిన పోస్టు వెళ్ళే వేళకి మీరు కూడా అక్కడుండాలి, ఎందుకో ఇప్పుడు చెబుతాను.

అసలు పని: పలకడం

2023 మార్చి 31న ట్విట్టరు తన సిఫారసు యంత్రాంగం కోడులో కొంత భాగం బయటపెట్టింది. ఎవరి పోస్టు ఎవరికి చూపించాలో నిర్ణయించేటప్పుడు దేనికెంత విలువ ఇస్తున్నారో ఆ రోజుల లెక్క అందులో ఉంది. లైకు పడే అవకాశానికి 0.5, రీట్వీటుకి 1, జవాబుకి 13.5. ఆ జవాబుకి పోస్టు రాసినవాళ్ళు మళ్ళీ స్పందిస్తే 75. ఆ అంకెలు అప్పటివి, అలాగే ఉండిపోయేవి కావు. కానీ మా నాన్నగారికి ఇది చదివి వినిపిస్తే “దీనికి కంప్యూటరెందుకు? వచ్చినవాడితో మాట్లాడినవాడికే బేరం” అన్నారు.

ఇక జవాబు ఇవ్వడం ఎలాగో చూద్దాం. పోస్టు పెట్టిన మొదటి అరగంట ఫోను పక్కనే ఉంచుకోండి. అందరికీ ఒకటే ‘ధన్యవాదాలు’ అతికించకండి, వాళ్ళు రాసిన మాటలోంచి ఒకటి పట్టుకోండి. “పన్నెండేళ్ళ మల్లె” అన్నవాళ్ళకి “పన్నెండేళ్ళా! మొదలు ఎంత లావుందండీ? ఫోటో పెట్టండి” అనండి. ఆ ఫోటో చూసి ఇంకో నలుగురు వస్తారు. ఒకే ప్రశ్న మూడుసార్లు వస్తే అది ప్రశ్న కాదు, మీ తర్వాతి పోస్టు. అడిగినవాళ్ళని తలుచుకుంటూ కొత్తగా రాయండి.

మీ ఇంటికి వచ్చినవాళ్ళతోనే కాదు, మీరు కూడా నలుగురి ఇళ్ళకి వెళ్ళండి. మొక్కలు, తోటలు, వంటలు రాసే తెలుగువాళ్ళని ఓ ముప్పైమందిని వెతికి ఒక లిస్టు కట్టుకోండి, దాన్ని ఎవరికీ కనబడకుండా పెట్టుకోవచ్చు. రోజూ పది నిమిషాలు అది తెరిచి, మీకు నిజంగా తెలిసిన చోట ఒకటి రెండు జవాబులు రాయండి. వాళ్ళ పోస్టు కింద మీ ఫోను నంబరు మాత్రం పెట్టకండి. ఇంకొకరి పెళ్ళిలో మన కార్డులు పంచినట్టుంటుంది.

కోపంగా వచ్చేవాళ్ళూ ఉంటారు. ‘మీరు పంపిన సపోటా అంటు ఎండిపోయింది’ అని పదిమంది ముందూ రాస్తే ఒళ్ళు మండుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా. ముందు అందరికీ కనబడేలా “ఆయ్, చూస్తామండీ, ఫోటో మెసేజ్‌లో పంపండి” అనండి. మిగతాది మెసేజ్‌లో తేల్చుకోండి, తేలాక ఏం జరిగిందో ఒక్క ముక్క మళ్ళీ అక్కడే రాయండి. తిట్టడానికే వచ్చేవాళ్ళని మ్యూట్ చేయండి. వాళ్ళకి తెలియదు, మీకు మనశ్శాంతి.

ఫాలోవర్లు కాస్త పెరగగానే జవాబులు ఆపేసేవాళ్ళని చూశాను. ఏరు దాటాక తెప్ప తగలేయడమే అది. రోజుకి రెండు పోస్టులు రాయగలిగే సమయం ఉంటే, ఒక పోస్టు రాసి మిగిలిన సమయం జవాబులకి పెట్టండి.

వరద రోజుల్లో

ఇది వేరే చెప్పాలి, ఎందుకంటే ఏడాదంతా మిమ్మల్ని పట్టించుకోనివాళ్ళు కూడా గోదావరి పెరిగితే మీ ఖాతా చూస్తారు. నేను పెద్ద తప్పు చేసింది కూడా అప్పుడే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకి చేరింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా కిందకి వెళ్ళింది. ఆ హడావుడిలో ఎవరో పంపిన ఫోటో, లంక ఊరికి పోయే కాజ్‌వే మునిగినది, నేను కూడా పెట్టేశాను. గంటలో వందలమంది పంచుకున్నారు. అప్పుడు ఆ ఊరి మనిషి ఒకాయన కింద రాశారు: “అండీ, ఈ ఫోటోలో ఉన్న చింతచెట్టు పడిపోయి రెండేళ్ళయింది.” పాత వరద ఫోటో అది. దుబాయిలో ఉన్న కొడుకులు కూతుళ్ళు అది చూసి ఇంటికి ఫోన్లు చేసి ఉంటారు. ఆ తలపు ఇప్పటికీ పోలేదు.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. నేను తీయని ఫోటో వరదలో పెట్టను. అంకె రాస్తే చోటు, తేదీ, గంట, ఎవరు చెప్పారు అన్నవి పక్కనే రాస్తాను. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. భద్రాచలంలో అవి 43, 48, 53. రెండు చోట్ల అంకెలూ కలగలిపి రాసేవాళ్ళున్నారు, చూసుకోండి. భద్రాచలంలో తగ్గుతోందనగానే ‘హమ్మయ్య’ అని రాసేయకండి, పైన తగ్గే వేళకి మన దగ్గర ఇంకా పెరుగుతూనే ఉంటుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పెట్టిన పోస్టునే రీపోస్టు చేసి, మీ ఊళ్ళో మీ కంటికి కనిపించింది పైన ఒక వాక్యం కలపండి: ఏ రేవులో పడవ నడుస్తోంది, ఏ రోడ్డు మీదకి నీళ్ళొచ్చాయి. లంకల్లోవాళ్ళకి కావలసింది అదే. ఆ రోజుల్లో మొక్కల ధరలు, ఆఫర్లు ఏవీ పెట్టకండి.

తప్పు జరిగితే ఎలా దిద్దుకోవాలో కూడా చెప్పాలి. తప్పు ఫోటో ఉన్న పోస్టు తీసేయండి, లేకపోతే అది తిరుగుతూనే ఉంటుంది. వెంటనే “గంట క్రితం నేను పెట్టిన ఫోటో పాతది, తీసేశాను, పొరపాటు నాది” అని కొత్త పోస్టు పెట్టండి. చప్పుడు లేకుండా తీసేసి ఊరుకుంటే, స్క్రీన్‌షాట్ ఉన్నవాళ్ళు మీ తరఫున రాస్తారు.

చిన్నా చితకా

హ్యాష్‌ట్యాగులు ఒకటి, మహా అయితే రెండు. తెలుగులోనూ పనిచేస్తాయి, మధ్యలో ఖాళీ వదిలితే అక్కడే తెగిపోతుంది. పోల్ (ఓటింగు) పెడితే ఎంచుకోవడానికి నాలుగు జవాబులదాకా, ఒక్కోటి 25 అక్షరాలు, అయిదు నిమిషాల నుంచి ఏడు రోజుల దాకా ఉంచొచ్చు. ‘కనకాంబరమా, చామంతా?’ అన్న పోల్ ఒకసారి పెట్టాను, కొట్టుకున్నంత పని చేశారు. ఒక పోస్టులో పట్టనిది గొలుసుగా రాయండి కానీ ఏడు దాటనివ్వకండి, ప్రతి ముక్కా విడిగా చదివినా అర్థమవ్వాలి. స్పేసెస్‌లో గొంతుతో మాట్లాడొచ్చు. నేను ఆదివారం సాయంత్రాలు ప్రయత్నించాను, వెనక లారీల హారన్లే ఎక్కువ వినపడ్డాయట.

మోసాల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మీ ఫోటోతో, మీ పేరుకి ఒక అక్షరం తేడాతో ఖాతా తెరిచి, మీ కస్టమర్లని అడ్వాన్సు అడిగేవాళ్ళుంటారు. డబ్బులు ఏ నంబరుకి తీసుకుంటారో పిన్ చేసిన పోస్టు కింద రాసి ఉంచండి. ఎవరైనా మోసపోయామంటే 1930కి ఫోను చేయమనండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

ఒకే రేవు నమ్ముకోకండి

2020లో ‘కూ’ అని మన దేశపు మైక్రోబ్లాగు వచ్చింది. తెలుగులో హాయిగా రాసుకునే వీలుందని నేనూ చేరాను, కొద్దోగొప్పో జనాన్ని కూడగట్టాను. 2024 జూలైలో మూసేశారు. అక్కడ పరిచయమైనవాళ్ళలో ఎందరు ఎక్కడికి పోయారో నా దగ్గర లెక్క లేదు.

కాబట్టి మిమ్మల్ని ఎక్కువగా పలకరించేవాళ్ళని, వాళ్ళని అడిగే, వాట్సాప్ చానెల్‌కో ఫోను జాబితాకో చేర్చుకోండి. ఆర్నెల్లకోసారి ఎక్స్ సెట్టింగుల్లో మీ డేటా ఆర్కైవు డౌన్‌లోడుకి అర్జీ పెట్టండి. తయారవడానికి ఒక రోజో, ఇంకా ఎక్కువో పడుతుంది. వచ్చాక మీ పోస్టులు, ఫోటోలు, మీరిచ్చిన జవాబులు అన్నీ ఒక ఫైలుగా ఉంటాయి. నాది పెన్‌డ్రైవులో వేసి, బీరువాలో మా తాతగారి అంటుకత్తి పక్కన పెట్టాను.